యంత్ర ప్రమాదములు – గాయపడిన కార్మికుని హక్కులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఒక పల్లెలో ఒక గ్రంథాలయము పాతిక సంవత్సరములు తలుపు మూయకుండ నిలిచినదనగా, దాని వెనుక ఎందరి శ్రమ యున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండియు మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకములు దాచు గదిగా మాత్రమే తలచలేదు. చదువు వచ్చినవాడు చదువురాని వానికి చదివి వినిపించు చోటుగా, తెలిసినవాడు తెలియని వానికి దారి చూపు చోటుగా తలచినారు. ఆ సంప్రదాయమును మనసునందుంచుకొని, నేడు మీయెదుట కావ్యములను గూర్చి గాక, మన కూలి సోదరుల చేతులను గూర్చి మాట్లాడదలచినాను. యంత్రములో చేయి పడినవాని గతి యేమి, వానికి రావలసిన దేమి, అది వానికి ఎందుచేత అందకుండ పోవుచున్నది అనునదియే నా విషయము.

యంత్రములనగానే పట్టణములోని పెద్ద పెద్ద కర్మాగారములు మనకు స్ఫురించును. కాని మన పొలిమేరలను ఒక్కసారి చూచి రండు. రైసుమిల్లు కలదు. నూర్పిడి యంత్రము కలదు. చెఱకు గానుగకు మోటారు వచ్చినది. పశువుల మేత ముక్కలు చేయు యంత్రము అనేక గృహముల పెరళ్లలోనికి వచ్చినది. ప్రత్తి పండు చోట జిన్నింగు మిల్లులు, రాయి దొరకు చోట రాయికోత యంత్రములు వెలసినవి. ఎద్దులతో బంతి త్రొక్కించి కళ్లమున ధాన్యము నూర్చిన కాలములో ఎద్దు అలసిన నిలుచును, అదలించిన ఆగును. యంత్రము అట్లు కాదు. అది వడ్లకంకికిని మనిషి చేతికిని భేదము నెఱుగదు.

ఈ ప్రమాదము లెట్లు జరుగునో ముందు తెలిసికొందము. ట్రాక్టరు వెనుకనుండి యంత్రమునకు శక్తి నందించు తిరుగుడు కడ్డీని నిమిషమునకు 540 చుట్లు తిరుగునట్లు ఏర్పరచుట సర్వసాధారణము. అనగా సెకనునకు 9 చుట్లు. పంచె కొంగో, తలగుడ్డ చివరయో, చీర చెఱగో ఆ కడ్డీకి తగిలినచో, అయ్యోయని నోరు తెరచునంతలో గుడ్డయంతయు చుట్టుకొని మనిషిని లాగివేయును. బెల్టు చక్రము మీదికి ఎక్కుచోట, రెండు పండ్లచక్రములు కలియుచోట, గానుగ రోలర్లు ఒకదానినొకటి ఒరయుచోట, లోపలికి లాగు బలము పుట్టును. వ్రేలికొన దొరికిన చాలు, చేయి వెంట పోవును. నూర్పిడి యంత్రములో పంటను అందించు తొట్టి పొట్టిగా నున్నచో, పనలను లోనికి నెట్టు చేయి తిరుగు డ్రమ్మును అందుకొనును. అందుచేతనే భారత ప్రమాణముల సంస్థ వారు ఆ తొట్టి కనీసము 90 సెంటీమీటర్ల పొడవుండవలెననియు, అందు 45 సెంటీమీటర్ల మేర మూత యుండవలెననియు నియమించినారు. మూత యున్న చోట చేయి డ్రమ్ము వరకు పోజాలదు. మూత విప్పివేసిన యంత్రము త్వరగా పని చేయునని కొందరి నమ్మకము. ఆ త్వరకు మూల్యము చెల్లించువాడు మాత్రము యజమాని గాడు.

ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు మన ఊళ్లలో వినబడు మాటలు రెండే. ఒకటి, “వాని ఖర్మ.” రెండవది, “వాడే చూచుకొనక చేయి పెట్టినాడు.” ఈ రెండు మాటలును మనకే ప్రత్యేకమైనవి కావు. ఇంగ్లండులో 1837వ సంవత్సరములో ఒక కసాయి వద్ద పనిచేయు కుఱ్ఱవాడు అధిక భారము మోయుచున్న బండి విరిగి గాయపడి న్యాయస్థానమున కెక్కగా, పనిలో చేరినవాడు ఆ పనిలోని అపాయమును తానే నెత్తిన వేసికొన్నట్లని అక్కడి న్యాయమూర్తులు తేల్చినారు. ఆ తీర్పు కార్మికులను చాలకాలము బాధించినది. కర్మాగారములు పెరిగినకొలది తెగిన చేతులును పెరిగినవి. తుదకు జర్మనీ దేశము 1884లో ప్రమాద భీమా చట్టమును, ఇంగ్లండు 1897లో నష్టపరిహార చట్టమును చేసికొన్నవి. ఆ చట్టములలోని క్రొత్త తలంపు ఇది: యంత్రము వలన లాభము పొందువాడు యంత్రము వలని నష్టమును కూడ భరింపవలెను. తప్పెవరిదని తగవులాడుట మాని, గాయమును చూచి లెక్క కట్టవలెను.

ఆ తలంపే మన దేశమునకు 1923వ సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టముగా వచ్చినది. అది 1924 జూలై 1వ తేదీ నుండి అమలు జరిగినది. తరువాత అనేక పర్యాయములు సవరింపబడినది. 2000వ సంవత్సరపు సవరణ వలన తాత్కాలికముగా పనికి పిలువబడిన కూలివానికి కూడ అందు చోటు దొరికినది. 2010 నుండి దానికి ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మారినది. నేడు ఆ చట్టములోని విషయమంతయు 2020వ సంవత్సరపు సాంఘిక భద్రతా స్మృతిలో ఒక అధ్యాయముగా చేరినది. ఆ స్మృతి 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. పేరు మారినను, నూరేండ్ల నాటి ఆ మూలసూత్రము చెక్కు చెదరలేదు.

మనకు ముఖ్యమైన ప్రశ్న: ఈ రక్షణ పొలము పనివానికి వర్తించునా? కొడవలితో కోత కోయు ప్రతివానికిని ఈ చట్టము వర్తింపలేదు. కాని ట్రాక్టరుతోగాని, విద్యుత్తుతోగాని, ఇతర యంత్రశక్తితోగాని నడచు సాధనములతో వ్యవసాయము చేయించుచోట పనిచేయువాని పేరు 1923 చట్టపు రెండవ పట్టికలోనే కలదు. కావున నూర్పిడి యంత్రము వద్ద పనలందించు కూలివాడు పరాయివాడు కాడు. అదియునుగాక నూర్పిడి యంత్రముల వలన చేతులు పోగొట్టుకొనుచున్నవారి దుస్థితిని చూచి, పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును ప్రత్యేకముగా చేసినది.

ఇక లెక్కకు వత్తము. లెక్క యనిన విసుగు చెందకుడు. లెక్క తెలియకపోవుటయే పేదవాని దుర్గతికి మూలము. పూర్తిగా పనికి అశక్తుడైనవానికి నెలవేతనములో 60 శాతమును, వాని వయస్సునకు నిర్ణయింపబడిన గుణకము చేత హెచ్చవేయవలెను. మరణము సంభవించినచో వేతనములో 50 శాతమును హెచ్చవేయవలెను. ఆ గుణకము 1923 చట్టపు పట్టికలో 20 ఏండ్లవానికి 224.00, 30 ఏండ్లవానికి 207.98, 40 ఏండ్లవానికి 184.17, 50 ఏండ్లవానికి 153.09. పిన్నవయస్కునికి బ్రతుకవలసిన కాలమెక్కువ గనుక గుణకమును ఎక్కువ. లెక్కకు తీసికొను నెలవేతనమునకు ఒక గరిష్ఠ పరిమితి కలదు. దానిని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 15,000 రూపాయలుగా ప్రకటించినది.

కొంతభాగము మాత్రమే పోయినచో ఎంత? దానికిని పట్టిక కలదు. ఒక చేతి బొటనవ్రేలు పోయిన, సంపాదనా శక్తిలో 30 శాతము పోయినట్లు. చూపుడువ్రేలు పూర్తిగా పోయిన 14 శాతము. నడిమివ్రేలు పోయిన 12 శాతము. ఒక చేతి నాలుగు వ్రేళ్లును పోయిన 50 శాతము. చేయి మణికట్టు వద్ద పోయిన 60 శాతము. రెండు చేతులును పోయిన 100 శాతము.

ఒక ఉదాహరణము చూడుడు. 30 ఏండ్ల వయస్సు గల ఒక కూలివానికి నెలకు 12,000 రూపాయల ఆదాయ మనుకొందము. అందు 60 శాతము 7,200. దానిని 207.98 చేత హెచ్చవేయగా 14,97,456 రూపాయలు. వాని ఒక చేతి నాలుగు వ్రేళ్లు యంత్రములో పోయినవనుకొనుడు. అందు సగము, అనగా 7,48,728 రూపాయలు వానికి రావలెను. బొటనవ్రేలు ఒక్కటియే పోయినచో సుమారు 4,49,237 రూపాయలు రావలెను. దీనికి తోడు చికిత్సకైన వాస్తవపు ఖర్చును యజమానియే భరింపవలెను. కొన్నాళ్లపాటు మాత్రమే పనికి పోలేనివానికి పక్షమున కొకసారి, నెలవేతనములో 25 శాతము చొప్పున చెల్లింపవలెనని కూడ నియమము కలదు.

మరి మన ఊళ్లలో జరుగుచున్న దేమి? యజమాని ఆసుపత్రికి వచ్చి కన్నీరు పెట్టుకొనును. ఆ కన్నీరు అసత్యమని నేను చెప్పజాలను. మందుల ఖర్చు కొంత యిచ్చును. పదిహేను దినములకు పెద్దమనుషులు రచ్చబండ వద్ద కూర్చుందురు. ఇరువదివేలకో ముప్పదివేలకో మాట తెగును. ఒక కాగితము వ్రాయబడును. దానిపై, ఇకమీదట నాకే విధమైన హక్కును లేదని వ్రాయించి, బొటనవ్రేలు పోయినవాని మిగిలిన బొటనవ్రేలితో ముద్ర వేయించుకొందురు. ఏకలవ్యుడు తన వ్రేలిని గురుదక్షిణగా తెలిసి ఇచ్చినాడు. కూలివాని వ్రేలు ఎవ్వరికిని దక్షిణ గాదు. తనకు రావలసిన దెంతయో వానికి తెలియదు. తెలిసిన వారము మనము మాట్లాడలేదు. ఇందలి అన్యాయమంతయు ఆ మౌనములో నున్నది.

నేను గట్టిగా చెప్పదలచిన సంగతి యిది. హక్కును వదలుకొనుచున్నానని కార్మికుడు వ్రాసియిచ్చిన ఒడంబడిక, యజమాని బాధ్యతను తొలగించునంత మేరకు చట్టము దృష్టిలో చెల్లదు. కార్మికుడు మరణించినచో పరిహారమును అధికారి వద్దనే జమ చేయవలెను గాని, కుటుంబము చేతిలో నేరుగా పెట్టిన సొమ్ము పరిహారము చెల్లించినట్లు లెక్కకు రాదు. పేదరాలైన విధవను మాటలతో మభ్యపెట్టకుండుటకే ఆ నియమము. ఒక నెలలోగా పరిహారము చెల్లింపని యజమానిపై వడ్డీ పడును. తగిన కారణము లేక ఆలస్యము చేసినచో, పరిహారములో సగము వరకు అదనముగా విధింపవచ్చును.

“వాడే చూచుకొనలేదు” అను మాటకు కూడ సమాధానము చెప్పవలసియున్నది. అజాగ్రత్త అనునది పరిహారమును నిరాకరించుటకు కారణము కాదు. చట్టము ఒప్పుకొను కారణములు మూడే. ప్రమాద సమయమున కార్మికుడు త్రాగిన మైకములోగాని, మత్తుమందు మైకములోగాని యుండుట. రక్షణకై స్పష్టముగా ఇచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా మీరుట. రక్షణకై అమర్చిన పరికరమని తెలిసియు దానిని బుద్ధిపూర్వకముగా తీసివేయుట. ప్రమాదమునకు ఇవి నేరుగా కారణమైనవని చూపవలెను. మరణముగాని శాశ్వతమైన సంపూర్ణ అశక్తతగాని కలిగినప్పుడు ఈ మూడును కూడ యజమానికి అక్కరకు రావు. ఇక యజమానియే మూత విప్పివేసి, ఆ నేరమును కూలివానిపై త్రోయుట న్యాయమెట్లగును?

“నేను కాదు, మేస్త్రీ వానిని తెచ్చినాడు” అని కొందరందురు. యజమాని తన వృత్తికి, వ్యాపారమునకు చేరిన పనిని మేస్త్రీకి అప్పగించి చేయించినను, గాయపడినవాడు అసలు యజమానినే అడుగవచ్చును. ఆయన పిమ్మట మేస్త్రీ నుండి రాబట్టుకొనవచ్చును. మన ఊరివారు పొరుగు రాష్ట్రములకు వలసపోయి గాయపడినప్పుడు, ఆ దూరదేశములో వ్యాజ్యము నడుపుటెట్లని భయపడుదురు. ప్రమాదము జరిగిన చోటనే గాక, గాయపడినవాడు నివసించు చోటి అధికారి యెదుట కూడ అర్జీ వేయవచ్చును. 2020 స్మృతి వలన మరియొక మేలు కలిగినది. ఇంటినుండి పనికి పోవుచు, పనినుండి ఇంటికి వచ్చుచు ప్రమాదమునకు లోనైనచో, ఆ ప్రమాదపు కాలము, స్థలము, పరిస్థితులు పనితో సంబంధము గలవని చూపగలిగినప్పుడు, అదియు పనిలో జరిగినట్లే భావింపబడును.

పట్టికలోని శాతమే తుదిమాట యని కూడ అనుకొనకుడు. ఒడిశాలోని జయపురములో 1968వ సంవత్సరమున ఒక సినిమాహాలులో పనిచేయుచున్న వడ్రంగి క్రింద పడగా, వాని ఎడమచేతిని మోచేతి పైభాగమున తీసివేయవలసివచ్చినది. పోయినది ఒక చేయియే గనుక పాక్షికమైన పరిహారమే చాలునని యజమాని వాదించినాడు. ఒంటిచేతితో వడ్రంగము సాగదనియు, గనుక వాడు ఆ వృత్తికి పూర్తిగా అశక్తుడైనట్లేననియు 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పరిహారము బాకీపడుట అధికారి తీర్పు చెప్పిన నాటినుండి గాక ప్రమాదము జరిగిన నాటినుండియే యనియు ఆ తీర్పులోనే నిర్ణయించినది. ఆ పెద్ద న్యాయస్థానము అవయవమును తూచలేదు, మనిషి జీవనోపాధిని తూచినది.

పెద్ద మిల్లులలో పనిచేయువారికి మరియొక మార్గము కలదు. 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆరంభమైన ఉద్యోగుల రాజ్యభీమా పథకము క్రింద చేరినవారికి యజమాని బదులు భీమా సంస్థయే చికిత్స చేయించి, పనిలేని దినములకు వేతనములో చాలభాగమును, శాశ్వత లోపమునకు జీవితాంతము భృతిని ఇచ్చును. అట్టివారు నష్టపరిహారమునకు వేరుగా అర్జీ పెట్టుకొనరాదు. కావున ముందుగా ఆ మిల్లు ఆ పథకములో చేరినదా లేదా యని కనుగొనవలెను.

ఇప్పుడు ప్రమాదము జరిగిన దినమున చేయవలసిన పనులు చెప్పెదను. మొదట యంత్రము నాపి, మోటారు తీగ తొలగింపుడు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టి, చేతిని పైకెత్తి యుంచుడు. వ్రేలు తెగి వేరుపడినచో, దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డల నడుమ నుంచి రోగితోపాటు పంపుడు. వ్రేలిని నేరుగా మంచుగడ్డపై నుంచరాదు. 108కు కబురు పంపుడు. ఆసుపత్రిలో గాయమెట్లు తగిలినదని వైద్యుడు అడిగినప్పుడు, జరిగినది జరిగినట్లు, ఏ యంత్రము వద్ద, ఎవరి పనిలోనో చెప్పి వ్రాయింపుడు. “ఇంటివద్ద జారిపడినాడని చెప్పుడు” అని ఎవ్వరైన బోధించినచో వినకుడు. ఆ ఒక్క అబద్ధము ఏడు లక్షల రూపాయల హక్కును మింగివేయగలదు.

ఆ పిమ్మట యజమానికి వ్రాతమూలకముగా తెలియజేసి, నకలు ఉంచుకొనుడు. పోలీసు ఠాణాలో తెలియజేయుడు. యంత్రమునకు ఫొటో తీయింపుడు. చూచినవారి పేర్లు వ్రాసికొనుడు. కూలి ముట్టినట్లు చూపు ఏ కాగితమైనను, ఆసుపత్రి చీటీ, మందుల రసీదు, ఒక్కటియు పారవేయకుడు. తరువాత కార్మికశాఖ కార్యాలయమున అర్జీ పెట్టుకొనుడు. ప్రమాదమైన రెండు సంవత్సరములలోగా అర్జీ పెట్టుకొనవలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును అధికారి మన్నింపవచ్చునుగాని, ఆ మన్నింపుపై ఆధారపడరాదు. ఖర్చునకు జంకువారికి 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము కలదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు తమ ఆదాయముతో నిమిత్తము లేకయే దానికి అర్హులు.

ఈ సభలో రైతులున్నారు, యంత్రముల యజమానులున్నారు. వారితోను ఒక మాట. చిన్న రైతు ఒక్కసారిగా ఏడెనిమిది లక్షలు ఎక్కడినుండి తెచ్చునను ప్రశ్న న్యాయమైనదే. ఆ లెక్క వాని ఇంటికప్పును కూడ ఎగురగొట్టవచ్చును. అందుకే భీమా యున్నది. పైరునకు భీమా చేయించువాడు, ట్రాక్టరునకు భీమా చేయించువాడు, దాని వెంట నడచు మనిషికి ఎందుకు చేయింపరాదు? భీమాకన్న ముందు చేయవలసినది రక్షణ. బెల్టునకు జాలి, తిరుగుడు కడ్డీకి తొడుగు, తొట్టికి మూత, చేతికందు దూరమున ఆపు మీట: ఇవి యంత్రము వెలలో స్వల్పభాగము. తిరుగుచున్న యంత్రమునకు నూనె వేయించకుడు, ఊడ్పించకుడు. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము కదలుచున్న యంత్రము వద్దకు పోవువాడు శిక్షణ పొంది, ఒంటికి అంటియుండు దుస్తులు ధరించి యుండవలెనని ఏనాడో చెప్పినది. పిల్లవానిని యంత్రము వద్దకు రానీయకుడు. రాత్రి వెలుతురు చాలనిచో పని ఆపుడు. అలసిన చేయి తప్పు చేయును.

సోదరులారా! తుదకు ఈ గ్రంథాలయమునకు ఒక మనవి. మన పుస్తకముల బీరువా ప్రక్కన ఒక గోడకు రెండు కాగితములు అంటింపుడు. ఒక దానిపై నేను చెప్పిన శాతముల పట్టిక, గుణకముల పట్టిక, అర్జీ పెట్టుకొనవలసిన కార్యాలయపు చిరునామా యుండవలెను. నియమములు మారినప్పుడెల్ల దానిని క్రొత్తగా వ్రాయవలెను. రెండవదానిపై ప్రమాద దినమున చేయవలసిన పనులుండవలెను. చందాదారులలో చక్కగా వ్రాయగలిగిన ఇద్దరు యువకులు, గాయపడినవాని యింటికి పోయి అర్జీ వ్రాసిపెట్టుటకు పూనుకొనవలెను. ఒక చిన్న పుస్తకములో మన ఊరిలో జరిగిన యంత్ర ప్రమాదములను తేదీతో, యంత్రము పేరుతో, ప్రమాద కారణముతో నమోదు చేయవలెను. నాలుగు ప్రమాదములు ఒకే తీరున జరిగినవని ఆ పుస్తకము చెప్పిననాడు, అయిదవ దానిని ఆపుట మన చేతిలో నుండును.

పాతికయేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు చదువు నిచ్చినది. ఆ చదువు, చదువురాని వాని చేతికి అక్కరకు వచ్చిననాడు మన చందా సార్థకమగును. ఈ పని రేపటి నుండియే ఆరంభింపుడని ప్రార్థించుచున్నాను.